ఫోన్లు వస్తలేవు

మొదటిసారి వెబ్‌సైట్ చేసుకొచ్చిన వాళ్ళందరి నోటా ఒకటే మాట. "కింద రాశాను కదా మేడమ్." బేకరీ పేజీ చేశావు, బేకరీ ఎక్కడుందో లేదేమిటయ్యా అంటే కింద రాశాను కదా అంటాడు. ట్యూషన్ సెంటర్ పేజీలో ఏ తరగతి వాళ్ళకి చెప్తారో లేదేమ్మా అంటే కింద రాశాను కదా అంటుంది. ఆ కిందకి చేరాలంటే గిరగిరా తిరిగే భూగోళం, 'స్వాగతం సుస్వాగతం' అంటూ పరుగెత్తే అక్షరాలు, చేతులు కట్టుకుని నిలబడ్డ యజమాని గారి నిలువెత్తు ఫోటో, ఇవన్నీ దాటాలి. నాకు అసలే ముక్కు మీద కోపం. "ఆ కింద దాకా ఎవడొస్తాడు? ఒక్కొక్కడినీ చెయ్యి పట్టుకుని తీసుకొస్తావా?" అని కసురుతాను. పిల్లలు నవ్వుతారు. నేను కసరడం వాళ్ళకి క్లాసులో భాగమైపోయింది.

యూనివర్సిటీ క్యాంపస్‌లో సాయంత్రం పూట నడిచే వెబ్ డిజైన్ సర్టిఫికెట్ కోర్సు అది. చాలా ఏళ్ళు కంపెనీల్లో స్క్రీన్లు గీసి గీసి, మెడ పట్టేసి ఉద్యోగం మానేశాక, ఇంటికి దగ్గర కదా అని ఒప్పుకున్నాను. మా ఇల్లు తార్నాకలో. నాన్నది రైల్వే ఉద్యోగం కాబట్టి పెరిగింది మెట్టుగూడ క్వార్టర్స్‌లో. ఇంట్లో కృష్ణా జిల్లా మాట, గుమ్మం దాటితే హైదరాబాద్ మాట. రెండూ వచ్చు గానీ కోపం వస్తే మొదటిదే బయటికొస్తుంది. నా వెనక పిల్లలు దాన్ని అనుకరించుకుంటారని కూడా తెలుసు. అనుకరించనీ, పని నేర్చుకుంటే చాలు.

నేను నేర్పే పద్ధతిలో ముఖ్యమైనది ఒకటే, చూపించి దాచెయ్యడం. పేజీ తయారయ్యాక ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాలి. దారిన పోయే వాళ్ళెవరైనా సరే, ఒకసారి చూడమని చేతికివ్వాలి. టీ ఒక గుక్క తాగేంత సేపు చూడనిచ్చి ఫోన్ వెనక్కి తీసుకోవాలి. అప్పుడు అడగాలి, ఏం చూశారు అని. ఇందులో నియమం ఒకటుంది. పేజీ చేసిన మనిషి నోరు విప్పకూడదు. అది కాదండీ, నా ఉద్దేశం ఏంటంటే, అనకూడదు. ఒకతను జిమ్ కోసం చేసిన పేజీ చూసి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "ఎముకల డాక్టరా?" అని అడిగాడు. ఇంకొకమ్మాయి పచ్చళ్ళ పేజీని చూసిన ఒకావిడ పురుగుమందుల కంపెనీ అనుకుంది. నోరు మూసుకుని ఇవన్నీ వినడం కష్టం. వినగలిగిన వాళ్ళకే ఈ పని వస్తుందని అప్పట్లో గట్టిగా చెప్పేదాన్ని.

ఆ అమ్మాయి వానాకాలం బ్యాచ్‌లో చేరింది. ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతూ హాస్టల్లో ఉండేది. వాళ్ళది జనగామ వైపు పల్లె. అమ్మానాన్నలు సేద్యం వదిలేసి లాలాపేట్ వచ్చి చిన్న గదిలో ఉంటున్నారని, నాన్న ఒక గోడౌన్‌కి వాచ్‌మన్‌గా చేసేవాడని తర్వాత తెలిసింది. అందరికీ బేకరీ పేజీ చెయ్యమని ఇస్తే తను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని అడిగాను.

"నాది ఆల్రెడీ ఒకటున్నది మేడమ్. ఎండాకాలంలనే చేసిన. దాన్ని మంచిగ చేసుకుందామనే కోర్సుల చేరిన."

"దానికేమైంది?"

"ఫోన్లు వస్తలేవు."

ఇది ప్రతి దుకాణం వాళ్ళూ చెప్పే కంప్లైంటే. సరే, తెర మీద పెట్టు, ఎందుకు రావట్లేదో అందరం చూద్దాం అన్నాను. ఏ బ్యూటీపార్లరో, ఏ టైలరింగ్ షాపో అనుకుని ఎర్ర పెన్ను మూత తీస్తున్నట్టుగా చేతులు కూడా సవరించుకున్నాను.

ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఫ్రేము. ఫ్రేము చుట్టూ తెల్లపూల దండ. లోపల కోటు వేసుకున్న పెద్దాయన, నుదుట కుంకుమబొట్టు. ఫోటో కింద పేరు, పేరు కింద పక్కపక్కనే రెండు తేదీలు. అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాల్లో 'మా నాన్నగారు మమ్మల్ని విడిచి వెళ్ళిపోయారు'.

ఎప్పుడూ అందరికంటే ముందు నోరు పారేసుకునే ముందు బెంచీ అతను కూడా గొంతు తగ్గించాడు.

"సారీ అక్కా. ఎట్లయింది?"

"ఏంది ఎట్లయింది?"

"అదే, నాన్నకు."

"మా నాయినకేం కాలే. తప్పిపోయిండు. దొరకాలనే గిది పెట్టిన. కింద రాసిన గద."

ఆ మాటకి ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నేనూ కసరలేదు. పేజీని కిందకి జరిపి చూశాను. నిజమే, రాసింది. నీలం మీద బూడిదరంగు సన్నక్షరాల్లో, ఆయన ఇంటి నుంచి ఎప్పుడు వెళ్ళాడో, ఏ రంగు చొక్కా వేసుకున్నాడో, కుడి కనుబొమ్మ మీద గాటు ఉంటుందని, కనిపిస్తే దయచేసి ఫోన్ చేయవలసిందిగా మనవి అని, అన్నీ వరసగా రాసింది. చివర నంబరు. పైనున్న రెండు తేదీల్లో ఒకటి ఆయన పుట్టినరోజు, వయసు తెలియాలని పెట్టిందట. రెండోది ఇంట్లోంచి వెళ్ళిన రోజు.

క్లాసయ్యాక వరండాలో కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. నాన్నకి కొంతకాలంగా మరపు. మొదట తాళాలు మర్చిపోయేవాడు, తర్వాత గోడౌన్ దారి, తర్వాత మనుషుల పేర్లు. గోడౌన్ వాళ్ళు పనిలోంచి తీసేశారు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పోలీస్ స్టేషన్లో చెప్పారు. ఊరికి వెళ్ళి చూశారు, గుళ్ళ దగ్గర, బస్టాండ్లలో వెతికారు. చుట్టుపక్కల వీధుల్లో పెద్దగా వెతకలేదు, అంత దగ్గర ఉంటే ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు కదా అనుకున్నారు. లింకు చేస్తే చేతిలోంచి చేతిలోకి పోతుందని ఎవరో చెబితే, ఫోన్లో ఫ్రేములు కట్టే యాప్ ఒకటి పట్టుకుని ఈ పేజీ తయారు చేసింది.

"మస్తు గ్రూపులల్ల పోయింది మేడమ్. అందరు దండం బొమ్మలు పెట్టిన్రు. దొరకాలని మొక్కుతున్నరనుకున్న."

నేను తన మొహం వైపు చూడలేకపోయాను. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పాను. ఈ పేజీ చూస్తే ఎవరికైనా ఆయన పోయారనే అనిపిస్తుందమ్మా అన్నాను. తను ఒప్పుకోలేదు. క్లాసులో ఉన్నది బీటెక్ పిల్లలు, వాళ్ళకి తెలుగు సరిగా రాదు, పూర్తిగా చదవలేదు, చదివితే తెలుస్తది గద అంది. నా మీద కోపంగా కూడా ఉంది. కన్నతండ్రి ఫోటో చూపిస్తే పెద్ద మేడమ్‌లా తప్పులు పడుతోందని అనుకుని ఉంటుంది. అనుకుంటే తప్పులేదు.

"సరే, రేపు పొద్దున వాకింగ్ వాళ్ళని అడుగుదాం. నియమం తెలుసుగా. నువ్వు మాట్లాడకూడదు."

క్యాంపస్‌లో పొద్దున్నే లోకమంతా నడుస్తుంది. తార్నాక నుంచి, సీతాఫల్‌మండి నుంచి షుగరు వాళ్ళు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు, పోలీసు ఉద్యోగాలకి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు, అందరూ ఆ చెట్ల కిందే. ముందు ఒక పెద్దాయనకి ఫోన్ ఇచ్చాను. చూశారు, కళ్ళజోడు సర్దుకున్నారు. నేను ఫోన్ వెనక్కి తీసుకుని ఏం చూశారండీ అన్నాను. "ప్చ్. పెద్ద వయసేం కాదు కదమ్మా. హార్టా?" అన్నారు. తర్వాత బెంచీ మీద కూర్చున్న ఒకావిడ. ఫోన్ పట్టుకోగానే కుడిచెయ్యి దానంతటదే గుండెల మీదకి వెళ్ళింది. "మీ వాళ్ళా? ఎన్ని రోజులాయె?" అని ఆ అమ్మాయినే అడిగింది. నియమం ప్రకారం ఆ అమ్మాయి మాట్లాడలేదు. తల మాత్రం అడ్డంగా ఊపింది. దాన్ని కూడా ఆవిడ ఏడుపు ఆపుకోవడం అనుకుని వీపు నిమిరింది. మూడో మనిషి ఒక రీసెర్చ్ స్కాలర్. చూసి ఫోన్ తిరిగిస్తూ, "సంతాప సభ ఎక్కడున్నది?" అన్నాడు.

ఇక చాలనిపించింది నాకే. ఇంతకు ముందు ఎంతోమందిని ఈ పరీక్ష కోసం తిప్పాను, వాళ్ళ మొహాలు మాడిపోవడం చూసి లోపల కొంచెం సంతోషపడ్డ రోజులు కూడా ఉన్నాయి. ఆ పొద్దున మాత్రం ఈ పద్ధతి మీద అసహ్యం వేసింది. ఆ అమ్మాయి రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద కూలబడింది. ఏడవలేదు. తన ఫోన్లో ఆ పేజీ తెరిచి కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"నేను రోజూ చూస్తనే ఉన్న మేడమ్. నాకెందుకు కనబడలే?"

ఎందుకు కనబడుతుంది? తన వరకు నాన్న బతికే ఉన్నాడు. బతికున్న మనిషి ఫోటో చుట్టూ పూలుంటే పూలే కనబడతాయి. ఆ ముక్క తనకి చెప్పాను. చెప్పి, ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి వచ్చిందో అడిగాను. పూల ఫ్రేము యాప్‌లో 'నాన్న' అని కొడితే వచ్చింది, అక్కడ అన్నీ పూలవే. ముదురు నీలం నాన్నకి ఇష్టమైన రంగు. కోటు ఆయనది కాదు, ఊళ్ళో ఫోటో స్టూడియో అతను కంప్యూటర్‌లో తొడిగాడు. దేనికదే చూస్తే తప్పేమీ లేదు. ఇక ఆ హెడ్డింగు.

"అదెందుకట్లా రాశావు?"

"మా దాంట్ల అయితే 'నాయిన తప్పిపోయిండు' అని రాద్దును. ఇంటర్ల మా మాట మాట్లాడితే నవ్విన్రు మేడమ్. అందరు చూస్తరు గదా అని పుస్తకం మాట రాసిన."

తండ్రి కోసం వెతుకుతూ కూడా ఎవరో నవ్వుతారేమోనని భయపడింది ఆ పిల్ల. వెతికి వెతికి చావు కబురు రాసే వాక్యం తెచ్చిపెట్టుకుంది. ఆ పిల్లని చూసి నవ్విన వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు మాట్లాడే మాట మా ఇంట్లో మాటే అయివుంటుందని కూడా తెలుసు.

ఆ రోజే లాలాపేట్ వెళ్ళాం. వేరే ఫోటో కావాలి. ఒకటే గది, బయట సన్నటి వరండా. వాళ్ళమ్మ మనిషి గట్టిదే, చాప వేసి కూర్చోమంది, టీ పెట్టింది. ఫోటోలన్నీ చూపించమంటే ఆవిడ కోటు ఫోటోనే మళ్ళీ తీసింది. అది కాదమ్మా, రోడ్డు మీద ఉన్న మనిషి కోటుతో ఉండడు, గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉంటాడు, అట్లాంటిది కావాలి అన్నాను. అట్లాంటిది ఒకటి అమ్మాయి ఫోన్లో ఉంది. మరపు ముదిరాక తీసింది. బనీనుతో మంచం అంచున కూర్చుని, నెరిసిన గడ్డంతో, ఫోటో తీస్తున్నది ఎవరో తెలియనట్టు చూస్తున్నాడు. చొంగ కారిన మరక కూడా ఉంది.

"అది వద్దు. గట్ల ఊరందరికి చూపెడ్తమా? ఇజ్జత్ గల్ల మనిషాయన," అంది వాళ్ళమ్మ.

అమ్మాయే చెప్పింది, పొద్దున క్యాంపస్‌లో ఎవరెవరు ఏమన్నారో, మొత్తం, ఒక్క మాట దాచకుండా. విన్నంత సేపు ఆవిడ చేతిలో గ్లాసు కదల్లేదు. తర్వాత నుదుటి బొట్టు మీద వేలు పెట్టుకుంది.

"గందుకా," అంది. "పక్కింటామె నా మొఖం దిక్కు చూసి మాట్లాడుతలేదు. నల్లా కాడ ఇద్దరు గుసగుసలాడిన్రు. పెనిమిటి పోయినా బొట్టు పెట్టుకుని తిరుగుతుందని అనుకున్నరా బిడ్డా?"

ఆవిడ లేచి అమ్మాయి ఫోన్ తీసుకుని ఆ బనీను ఫోటో చాలాసేపు చూసింది. "ఇదే పెట్టుండ్రి. గీయన గిట్లనే ఉంటడు," అంది.

కొత్త పేజీ మా ఇంట్లో భోజనాల బల్ల మీద చేశాం. చెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు, తీసెయ్యడమే ఎక్కువ. నీలం తీసేశాం, ఫ్రేము తీసేశాం, పుట్టినరోజు తీసేశాం. తెల్లటి పేజీ, ఒకే ఫోటో, దాని కిందే వేలు తగిలిస్తే ఫోన్ కలిసే బటను. ఎంత పాత ఫోన్లోనైనా వెంటనే తెరుచుకోవాలని బరువు తగ్గించాం. హెడ్డింగు 'మా నాయిన తప్పిపోయిండు' అని తనే టైపు చేసింది. టెంప్లేటు ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైంది కాబట్టి వరసల మధ్య చోటు చాలలేదు. ప్ప కింద ఒత్తు తెగిపోయి 'తపిపోయిండు' అని కనిపించింది. ఒత్తులు తెగనివ్వకండ్రా అని ప్రతి బ్యాచ్‌కీ మొత్తుకునేదాన్ని, ఆ రోజు నేనే చోటు పెంచి సరిచేశాను. తను దాని కింద ఇంకో వరస కొట్టింది. 'బతికే ఉన్నడు. చూస్తే ఫోన్ చెయ్యండి.'

అక్కడ నేను ఆగాను. మనకి తెలియని సంగతి పేజీలో రాయకూడదు, అది కూడా నేను నేర్పే పాఠమే. మెల్లగా ఆ మాట అన్నాను.

"నాకు తెల్సు మేడమ్," అంది.

ఉంచేశాను. ఆ రెండు మాటలు తీసేయించే ధైర్యం నాకు లేదు. పైగా డిజైన్ పరంగా చూసినా అవసరమే అనిపించింది, పాత పేజీ చూసిన వాళ్ళకి కదా ముందు చెప్పాల్సింది. మర్నాడు మళ్ళీ క్యాంపస్‌లో చూపించి దాచేశాం. ఒక కుర్రాడు ఫోన్ తిరిగిస్తూనే తల తిప్పి రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. "యాడ తప్పిపోయిండు? ఈడనేనా?" అన్నాడు. ఆ అమ్మాయి మొహంలో వెలుగు చూడటం నాకు అదే మొదలు. తను నోరు విప్పి, నియమం తప్పి, "అవునన్నా, జర చూస్తుండు," అంది.

లింకు మళ్ళీ గ్రూపుల్లోకి వెళ్ళింది. ఈసారి ఫోన్లు వచ్చాయి. క్లాసు మధ్యలో వస్తే తను బయటికి పరుగెత్తేది, నేను పాఠం ఆపేదాన్ని. చాలావరకు వేరే ముసలివాళ్ళు. గడ్డం ఉన్న ప్రతి మనిషినీ ఎవరో ఒకరు ఫోటో తీసి పంపేవారు. ఒకడు తాగి ఫోన్ చేసి బూతులు మాట్లాడాడు. అయినా ప్రతి ఫోన్‌కీ తను "హలో అన్నా" అనే ఆశ తగ్గలేదు.

సీతాఫల్‌మండి స్టేషన్ బయట టిఫిన్ బండి పెట్టుకున్న ఒకావిడ ఫోన్ చేసింది. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అమ్మాయి స్పీకర్ పెట్టింది.

"గీయన మా బండి కాడనే ఉండె బిడ్డా. ఎండాకాలం నుంచి మెట్ల మీద కూసుంటుండె. పదిహేను దినాల కింద జోరు వానల తడిసి జ్వరమొచ్చి పడిపోయిండు. మేమే అంబులెన్సుకు ఫోన్ చేసినం."

సీతాఫల్‌మండి క్యాంపస్ గోడకి ఆనుకునే ఉంటుంది. లాలాపేట్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. ఎండాకాలమంతా తను హాస్టల్ నుంచి లైబ్రరీకి వెళ్తున్నప్పుడు, ఆయన ఆ గోడకి అవతలే కూర్చుని ఉన్నాడు.

అంబులెన్సు తీసుకెళ్ళింది పెద్దాసుపత్రికి. వార్డులో లేడు. ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకి తిప్పి చివరికి వెనక బిల్డింగుకి పంపారు. చేర్చిన మర్నాడే ప్రాణం పోయిందట. పేరు చెప్పలేదు కాబట్టి ఎవరూ లేని మనిషి కింద ఉంచారు. లోపలికి అమ్మాయి, వాళ్ళమ్మ వెళ్ళారు. నేను బయట తడి గోడ పక్కన నిలబడ్డాను. బయటికొచ్చి వాళ్ళమ్మ, "మస్తు బక్కగయిండు," అని ఒక్క మాట అంది. కొత్త పేజీలో 'బతికే ఉన్నడు' అని మేం రాసేనాటికే ఆయన ఆ మార్చురీ గదిలో ఉన్నాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ పేజీ మీద దండ ఉంది. ఈ లెక్క తనకి తెలియకూడదని నేను కోరుకున్నాను. కానీ తను నాకంటే ముందే వేసుకుని ఉంటుంది.

ఊరికి తీసుకెళ్ళి కార్యం చేసుకుని వచ్చారు. క్లాసుకి రాదనుకున్నాను. ఒక పొద్దున మా ఇంటికొచ్చింది, బాగా నల్లబడింది. ఆ టిఫిన్ బండి ఆవిడని చూడాలి, నాయినకి అన్నం పెట్టింది, దండం పెట్టుకుని రావాలి, నాతో వస్తారా మేడమ్ అని అడిగింది. తార్నాక నుంచి ఆటోలో వెళ్ళాం.

ఆవిడ అప్పటికే రద్దీ తగ్గి గిన్నెలు కడుగుతోంది. మేమెవరమో చెప్పగానే చేతులు తుడుచుకుని అమ్మాయిని దగ్గరికి తీసుకుంది. ఆ మెట్టు మీదే కూర్చునేవాడని చూపించింది. పేరడిగితే నవ్వేవాడట. ఇడ్లీ పెడితే తిని, ప్లేటు తనే కడిగి బోర్లించేవాడట. ఎవరి ముందూ చెయ్యి చాపలేదని రెండుసార్లు చెప్పింది. ఆ అమ్మాయి ప్రతి మాటా ఆకలిగా వింటోంది. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలి కదా, ఇంకేం చేసేటోడు, ఇంకేం మాట్లాడేటోడు అని అడుగుతూనే ఉంది. నేను ఆటో అతన్ని ఉండమని చెప్పడానికి వెళ్ళి వచ్చాను. అప్పటికి ఆవిడ వేరే సంగతిలోకి వెళ్ళింది.

"మొదాలు గూడ వచ్చింది బిడ్డా, మా సంఘం గ్రూపుల. గిది గాదు, పూల ఫోటోది. కోటేసుకుని మంచిగుండె. నాకు డౌటే వచ్చింది, గీయన లెక్కనే ఉన్నడు గదా అని. గని ఆ ఫోటోల ఆయన సచ్చిపోయిండాయె. గీయన నా ముంగట కూసుని ఇడ్లి తింటుండె."

నేను ఆవిడని ఆపాలనుకున్నాను. ఇంక వెళ్దాం, ఆటో ఉంది అన్నాను. ఎవరూ నా మాట వినలేదు.

"గీయనకే చూపెట్టిన. పెద్దయ్యా, చూడు, నీ పోలికనే ఉన్నది, పాపం పోయిండంట అన్న. ఫోన్ చేతిల పట్టుకుని మస్తుసేపు చూసిండు."

"ఏమన్నడు?" అంది అమ్మాయి.

"దండం పెట్టిండు బిడ్డా ఫోటోకు. 'పాపం, ఇంట్లోళ్ళు ఎంత ఏడుస్తున్నరో' అన్నడు."

ఇంతకాలం ఎవరి పేజీలో ఏ తప్పుందో వేలు పెట్టి చూపించిన దాన్ని. కోప్పడటానికి నాకు ఎప్పుడూ ఎవరో ఒకరు దొరికేవారు. ఆ మెట్ల దగ్గర ఎవరూ దొరకలేదు. ఆవిడకి తను చెప్పిందేమిటో తెలియదు, మంచి మాటే చెప్పాననుకుంటోంది. స్టేషన్లోకి లోకల్ రైలొచ్చి ఆగింది. జనం మెట్లు దిగి, మమ్మల్ని తోసుకుంటూ పోయారు. వాళ్ళంతా వెళ్ళాక ఆ అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నడో ఇంకోసారి చెప్పు అమ్మా," అంది.

ఆవిడ చెప్పింది.